రాయి పుట్టని చోట

మా లంకల్లో రాయి పుట్టదు.
ఎంత లోతు తవ్వినా ఒండ్రు,
దాని కింద ఇసక,
దాని కింద ఎప్పటివో ఆల్చిప్పలు.
కుక్కని అదిలించాలన్నా
ఇటిక ముక్క వెతుక్కోవాలి.

అలాంటి చోట
రాళ్ళెక్కే బండి చేస్తానన్నాను.
ఇమ్మానియేలు నవ్వలేదు.
రొయ్యల చెరువు ఏరియేటర్ గేరుబాక్సు విప్పుతూ
"ఎక్కడెక్కుద్దండీ?" అన్నాడంతే.

జానెడు బండి. రిమోటు దాని కన్నా పెద్దది.
కాకినాడలో ఎవరి పిల్లాడో విసుగొచ్చి వదిలేసింది.
సిమెంటు రోడ్డు మీద కుందేలు,
గడప దగ్గర తాబేలు,
అదీ వెల్లకిలా.

ముందు పరుగు మాన్పించాలి.
మోటారు మీది పళ్ళచక్రం పీకి
ఇంకా చిన్నది, తొమ్మిది పళ్ళది, ఎక్కించాను.
వేగం చస్తే పట్టు పుడుతుంది.
పంపుసెట్టుకీ పడవ ఇంజనుకీ
ఇరవై రెండేళ్ళుగా నేను అందరికీ చెప్పే లెక్కే,
మినపగింజంతై అరచేతిలో కూర్చునేసరికి
కళ్ళజోడు కోసం తడుముకున్నాను.

వెనక ఇరుసులో చక్రాలు రెంటినీ
ఎంసీల్ పెట్టి ఒకటి చేశాను:
ఒకటి గాల్లో తేలిందని
రెండోది పని మానకూడదు.
స్ప్రింగులు తీసేసి బాల్‌పెన్నువి.
టైర్లలోకి పాత స్కూటరు సీటు స్పాంజి,
ఒక్కో టైరుకీ సూదితో ఒక బెజ్జం.
రాయి తగిలితే గాలి వదిలి
మెత్తబడడం దానికి తెలియాలి.
సర్క్యూటు తడవకుండా గోళ్ళరంగు, రెండు పూతలు.
ఆ వాసనకి మా ఆవిడ లేచొచ్చి
పన్నెండింటికి బల్బు కింద మా ఇద్దర్నీ చూసి
ఏమీ అనకుండా
ఫ్యాను వేసి వెళ్ళిపోయింది.

ఇక బరువు.
పైన బరువుంటే ఏమవుతుందో
కొబ్బరి లారీ డ్రైవరుకి చెప్పక్కర్లేదు.
టాపు మీది నిచ్చెన, ఉత్తుత్తి డీజిల్ డబ్బా, కోసిపారేశాను.
బ్యాటరీని ముందు ఇరుసు మీదికి దించాను.
చక్రాల్లోకి సీసం కావాలి.

ఓలేటి పెద్దింట్లమ్మ
పాత విసురువల అంచు నుంచి
గుళ్ళు ఒక్కొక్కటే ఊడదీసింది.
"అడుక్కి దిగేవి గదయ్యా ఇవి,
పైకెక్కడానికంటావేంటి?"
చేపల తక్కెట్లో తూచి ఇచ్చింది.
డబ్బులు తీసుకోలేదు.
"మా తమ్ముడి వల. ఇసిరేవోడు లేడుగా."
నేను ఆ మాట అడగలేదు.
ముందు చక్రాలకి ఆరేసి, వెనక వాటికి నాలుగేసి,
ఒక గుండు మిగిలింది.
జేబులోనే ఉంది.

రాళ్ళు మాకు లారీల్లో వస్తాయి.
గౌతమి గట్టు కోసినప్పుడల్లా
ఎక్కడో మెట్టలో ఒక కొండ కాస్త తగ్గుతుంది.
ఎదుర్లంక దగ్గర ఏటిలోకి పోసిన గుట్ట,
ఒంటిమీద డ్రిల్లు గాడి మానని రాళ్ళు,
కొలతలవాళ్ళ సున్నపు గీత కొన్నిటికి.
పోటు పాకినంత మేరా నాచు,
పై వరసలో ఎండు పీతడొక్క.

ఆదివారం, చర్చి అయ్యాక,
ఇమ్మానియేలు తెల్లచొక్కాతోనే వచ్చాడు.
మొదటి రాయి: పల్టీ.
రెండోసారి: పల్టీ.
మూడోసారి నా బొటనవేలు
నాకే తెలియనంత కదిలింది.
ముందు చక్రం రాతి అంచుని
తడిమింది, వదిలింది, మళ్ళీ తడిమింది.
చీకట్లో స్విచ్చి వెతికే చెయ్యిలాగ.
టైరు నొక్కుకుపోయి
సున్నపు గీతని పట్టుకుంది.
లోపల గుళ్ళు సన్నగా కదిలిన చప్పుడు.
ఇమ్మానియేలు రెండు చేతులూ
దాని కింద దోసిలి పట్టి, ముట్టుకోకుండా,
దానితో పాటు పైకి లేస్తున్నాడు.

ఒడ్డున ఎవరో అడిగారు, ఎందుకు పనికొస్తుందని.
"దేనికీ" అన్నాడు వాడు తల తిప్పకుండా.

అప్పుడే ఫోను. రాజుగారి నాలుగో చెరువు,
ఏరియేటరు ఆగిపోయింది.
మిట్టమధ్యాహ్నం; ఎండున్నంతసేపు
రొయ్యకి ఊపిరి ఉంటుంది.
"ఐదు నిమిషాల్లో ఉంటానండీ" అన్నాను,
ఎప్పుడూ అనే మాటే.

బండి ఇంకా సగం రాయి మీదే ఉంది.
కింద పోటు మొదలైంది.