ఏనుగులకు పద్దు లేదు

పదకొండు వేల ఆరు వందలు.
మార్చి ఇరవై తొమ్మిదిన బడి ఖాతాలో పడ్డాయి.
అప్పటికి లెక్కల పరీక్ష అయిపోయి అయిదు రోజులు.
ముప్పై ఒకటి లోపల ఖర్చు పెట్టి
వాడుకున్నామని కాగితం పంపాలి,
లేదంటే వచ్చిన దారినే పోతాయి
చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టంలా.

కోదండమ్మ మేడం కళ్ళజోడు తీసి
కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.
అంకె మారలేదు.

జూలైలో జాబితా నేనే రాశాను.
పద్దెనిమిది పేర్లు.
పైన "వెనుకబడిన విద్యార్థులు" అని ఉండాలన్నారు.
పెన్సిలుతో రాశాను,
ఎప్పుడో ఒకనాడు చెరపవచ్చు కదా అని.

మూడో పేరు చెంగల్రాయులు.
తెల్లవారుజామున పలమనేరు టమోటా మండీలో
వాళ్ళ నాయనతో బాక్సులు దించి
తొమ్మిదింటికి బడికొచ్చి నిద్రపోయేవాడు.
బోర్డు మీద ఎక్స్ రాస్తే
పాము పడగ చూసినట్టు చూసేవాడు.
ఒకరోజు విసిగి అడిగాను:
బాక్సు మూడు వందల ఎనభై,
ఇరవై రెండు బాక్సులు, ఎంతరా?
తల ఎత్తకుండానే అన్నాడు,
"కమీషన్ పోనా టీచర్, కమీషన్‌తోనా?"

ఆ సాయంత్రం నుంచి ఎక్స్‌ని మండీకి తీసుకుపోయాం.
రేటు తెలీని బాక్సు అది. అంతే.

షాహీదా ఒత్తులు మింగేసేది.
విద్య విద అయ్యేది, కష్టం కషం.
ఎందుకే అంటే,
"కింద వేలాడతా వుంటాయి టీచర్,
కాలికి తగుల్తాయి" అంది.

గుగ్గిళ్ళు నా జీతంలోంచి.
మజ్జిగ కోదండమ్మ మేడం ఇంటి నుంచి.
సుద్దముక్కలు ఎనిమిదో తరగతి దగ్గర అప్పు.

నవంబరు వచ్చేసరికి పొద్దు పొట్టిదైంది.
కౌండిన్య అడివిలోంచి ఏనుగులు
చెరకు తోటల్లోకి దిగడం మొదలుపెట్టాయి.
అయిదున్నరకి దూరంగా టపాసు పేలితే
పిల్లలు పుస్తకం మూయకుండానే చెప్పేవాళ్ళు
అది ఎవరి చేనో.
"గున్న కూడా వుండాది" అనేది షాహీదా,
ఒత్తు ఎక్కడా జారకుండా.

ఆటో పెట్టాం.
మునస్వామి రోజుకి రెండు వందల నలభై అన్నాడు,
సగం తన పుస్తకంలో అప్పు కింద రాసుకున్నాడు.
పై ఆఫీసుకు ఫోను చేశాను.
రవాణాకు పద్దు లేదు మేడం, అన్నారు.
వర్కుబుక్కులకు ఉంది. సుద్దముక్కలకు ఉంది. బ్యానరుకు ఉంది.
మరి ఏనుగులకు?
అవతల కాసేపు ఫ్యాను తిరిగిన చప్పుడు.
"అది అటవీ శాఖ మేడం."

నవ్వాను. తర్వాత చాలాసేపు నవ్వలేదు.
ఆయన మంచివాడే.
ఆయన ముందున్న కాగితంలో గళ్ళు అన్నే.

ఎవరో ఎక్కడో ఒక గదిలో
ఈ పిల్లల కోసం డబ్బు అడిగి ఉంటారు,
వాదించి ఉంటారు,
ఒక సంతకం కోసం మూడు అంతస్తులెక్కి ఉంటారు.
కాదనను.
జూన్‌లో బయలుదేరిన వాన
మార్చిలో చేను చేరితే
దాన్నేమని పిలవాలో మాత్రం
నేను చెప్పే ఏ పాఠంలోనూ లేదు.

ముప్పైన బజారుకెళ్ళి
పద్దు ఉన్నవన్నీ కొన్నాం.
బ్యానరు మీద పూలున్నాయి, దీపముంది,
పిల్లలెవరూ లేరు.
సామాను మునస్వామి ఆటోలోనే వచ్చింది.
అతని అప్పు అప్పుగానే ఉంది.
అడగలేదు. అడిగితే బాగుండేది.

పెట్టెలు దించడానికి చెంగల్రాయులు వచ్చాడు.
పరీక్ష ఎట్లా రాశావని నేనడగలేదు,
వాడూ చెప్పలేదు.
భుజం మీది పెట్టె కింద పెట్టి
బిల్లు తీసుకున్నాడు,
వేలు ఆనించి వరస వరస దిగాడు,
ఒకచోట ఆగాడు.

"నూట ఎనభై ఎక్కువేసినాడు టీచర్.
కమీషనా?"

ధ్రువపత్రం మీద సంతకం పెడుతున్న
కోదండమ్మ మేడం
పెన్ను ఎత్తింది.