సానరాయా, రంపమా

తాడిపత్రిలో రాయిని పేరడిగేవాళ్ళు లేరు.
నల్లదైతే నల్లబండ, పచ్చదైతే పచ్చబండ,
పగిలితే పునాదికి.
పదకొండేండ్లు పాలిష్ మిషన్ పక్కన నీళ్ళ పైపు పట్టుకోని
తెల్లటి బురదలో నిలబడినదాన్ని,
నాకే తెలీదు
బండను కోసే బిళ్ళకు ఎనిమిది అంకెల పేరుంటాదని.

రెండు మిషన్లు బాడుగకు తీసుకున్న యాడాది,
బిళ్ళలు ఈడ కొంటే ఇంత,
చైనా నుంచి తెప్పిస్తే అందులో సగమని
బీడీ కట్ట మీద లెక్కేసినాడు ఓబులేసు.
దుడ్లు ఇద్దరివి. కంపెనీ పేరు మాత్రం నాది:
దస్తగిరమ్మ స్టోన్స్.
సంతకమూ నాదే.

మద్రాసు నుంచి ఫోన్లో పాఠం చెప్పినాడు ధనకోటి,
రేవులో కాగితాలు నడిపే మనిషి.
"పెట్టె ఒడ్డు దిగేముందే మీ కాగితం దిగాలమ్మా."
ఉగ్గాని పొట్లం కట్టిన పేపరు మీద రాసుకున్నా:
సరుకు ధర. దాని మీద ఓడ బాడుగ. దాని మీద బీమా.
అంతా కలిపినాంక సుంకం. సుంకం మీద ఇంకో రొంత.
మళ్ళా అన్నిటి మీద జీఎస్టీ.
డాలరుకు బ్యాంకు రేటు కాదంట,
కస్టమ్స్ వాళ్ళు చెప్పిందే రేటంట.
బజ్జీ నూనె అంటి బీమా కాడ అక్షరాలు అలుక్కపోయినాయి,
తెల్లారి మళ్ళా ఫోన్ చేసి అడిగినా.

"పెట్టెలో ఏముందమ్మా?"
బిళ్ళలు సార్.
"బిళ్ళలంటే?"
కోసేటివి. రుద్దేటివీ ఉండాయి.
"అట్ల చెప్పు! కోసేది రంపం, ఎనభై రెండో అధ్యాయం.
రుద్దేది సానరాయి, అరవై ఎనిమిది.
రెండింటినీ ఒక పేరు కింద రాస్తే ఆపేస్తారు."

ఆ రాత్రి పాత బిళ్ళనొకటి ఒళ్ళో పెట్టుకోని కూచున్నా.
అంచు ముక్కల్లో వజ్రం పొడి ఉంటాదంట,
లైటు కింద తిప్పినా మినుకు కూడా లేదు.
యా ఊరు మీది, ఎవురి తట్టు మీరు అని
కొత్తగా బాడుగకు దిగినోళ్ళను వీధి అడిగినట్ల
దాన్ని అడిగినా.

చైనాలో అమ్మే పాప మెసేజ్ పెట్టింది, పక్కన పువ్వు బొమ్మ:
బిల్లులో సగం ధరే వేయాల్నా మేడం?
"వేయమను, అందరూ వేయించుకునేదే" అన్నాడు ఓబులేసు.
నాకు బళ్ళారి సేటు టేపు మతికొచ్చింది.
నేను కొలిచి సుద్దతో రాసిన అడుగులు
లారీ ఎక్కేసరికి తక్కువయ్యేటివి.
బండకు రెండంగుళాలు మింగే టేపు
ఎట్ల నవ్వుతా చదువుతాదో చూసినదాన్ని.
ఉన్నదున్నట్ల రాయమని పంపించినా.
మంచిదాన్నని కాదు.
భయం కూడా ఉన్నింది, సంతకం నాది గదా.
రెండు దినాలు నాతో మాట్లాడలే ఓబులేసు.

ఇంత చేసినా పెట్టె ఆగింది.
ధర కాడ కాదు, అధ్యాయం కాడ కాదు.
కోడు కాగితంలో దస్తగిరమ్మ.
ఓడ కాగితంలో దస్తగిరి అమ్మ.
ఐదు దినాలు పట్టింది ఆ ఎడం పూడ్చేదానికి.
మా నాయన దర్గా మెట్ల మీద పెట్టిన పేరు
నడిమధ్యలో ఎవురో విడిచిన చీమంత జాగా,
దానికి రేవులో
దినానికింతని బాడుగ కట్టినా.

గడ్డపారతో పెట్టె పగలదీసినాము.
ఒక బిళ్ళకు అంచు ఊడిపోయింది, తక్కినవి బాగుండాయి.
మొదటి బండ ఎక్కించినాము,
ఊరి బయట క్వారీది,
ఏ కాగితమూ చదవకుండా లక్షల ఏండ్లు పడుకున్నది.
బిళ్ళ తిరిగింది.
ఇప్పుడు నీళ్ళ పైపు పట్టేది కుళ్ళాయమ్మ.
"దీనికేం పేరక్కా?" అని అరిచింది ఆ సౌండులో.
ఎనిమిది అంకెలూ చూడకుండా చెప్పినా.
"ఆధారుకన్నా నాలుగు తక్కువే గదక్కా" అనింది,
పైపు రొంత దగ్గరికి జరిపి.