ఖాళీ గడి

అప్లికేషన్ చివర ఒక గడి ఉంది.
'ఈ కోర్సే ఎందుకు?' అని అడుగుతుంది.
వంద మాటలు మించకూడదట.
నరసాపురం నుంచి పంటు వచ్చేలోపు
నింపేద్దామని సఖినేటిపల్లి రేవులో కూర్చున్నాను.
మూడు పంటులు వెళ్లిపోయాయి.

జర్నలిజం, మాస్ మీడియా.
మూడేళ్లు, ఆరు సెమిస్టర్లు.
ఫీజు కాగితం వెనక అమ్మ లెక్క వేసింది,
హాస్టలు, మెస్సు, రాజమండ్రి బస్సు రానూపోనూ,
రూపాయల్లో కాదు, లేసులో.
"పెద్ద గుడ్డలు పద్నాలుగు అల్లితే
ఒక సెమిస్టరు గట్టెక్కుద్దే" అంటుంది
సూది ఆపకుండా.
అంటూనే, ఎక్కడో ముడి తప్పిందని
నాలుగు వరసలు సర్రున విప్పేసింది.
ఎవరు చూస్తారమ్మా అన్నాను.
"కొనేవోళ్లు చూడరు.
ఒక్క ఉతుకు ఉతికితే గుడ్డే చెప్పేత్తాది."

నర్సింగు చదివితే కువైట్ ఎల్లొచ్చు కదా అని మేనత్త.
టీవీలో కనపడతావా అని తమ్ముడు.
నాకు టీవీ గుర్తు రాలేదు,
అబ్బులు గారి చొక్కా జేబులో
ప్లాస్టిక్ స్కేలు గుర్తొచ్చింది.

పెచ్చెట్టి అబ్బులు గారు మా మండలానికి విలేకరి.
పగలంతా జిరాక్సు కొట్టు.
నెలాఖరున తన వార్తలన్నీ కత్తిరించి,
తెల్లకాగితాల మీద అంటించి,
స్కేలు పెట్టి కొలుస్తారు.
"జీతం ఉండదమ్మాయ్, సెంటీమీటరుకి ఇంత.
నిరుడు నా మొత్తం పొడుగు పద్దెనిమిది మీటర్లు"
అని నవ్వుతారు, ఆయ్ అంటూ,
ఎవరో తన ఎత్తు అడిగినట్టు.

ఆరేళ్ల కిందటి వరదలో
మేం బడి డాబా మీద ఉన్నాం.
మూడో రోజు పడవలో పులిహోర పొట్లాలొచ్చాయి.
తినేసి కాగితం సాపు చేస్తే
నూనెకి తడిసి అక్షరాలు వెనక్కి కూడా కనిపిస్తున్నాయి:
'లంక గ్రామం పూర్తిగా ఖాళీ.
అందరూ సురక్షితం.'
నానమ్మకి చదివి వినిపించాను.
"అయితే మనం ఎవరమే?" అంది.
అందరం నవ్వాం. ఆకలి తీరింది కదా, నవ్వొచ్చింది.

మొన్న మార్కుల లిస్టు జిరాక్సుకి వెళ్లి అడిగాను,
అది రాసిందెవరండీ అని.
మిషను కింద వెలుగు ఇటు నుంచి అటు వెళ్లి
మళ్లీ వచ్చేదాకా ఆయన మాట్లాడలేదు.
"నేనే.
రేవులో నించుని రాశాను. పడవ దొరకలేదు.
ఆఫీసరు చెప్పాడు, ఎనిమిదిన్నరకి పేజీ వెళ్లిపోద్ది."
ఎంతొచ్చిందండీ?
"ఏడు సెంటీమీటర్లు."
జిరాక్సులకి డబ్బులు తీసుకోలేదు.
వద్దంటున్నా ఒక కాపీ ఎక్కువ తీశారు.

సిలబస్ చూశాను.
రెండో సెమిస్టర్లో 'వార్తా మూలాలు' అని ఒక పేపరుంది,
నాలుగు క్రెడిట్లు.
మూలం అంటే గొడుగు కింద ఉన్న ఆఫీసరా,
డాబా మీదున్న నానమ్మా,
పడవ దొరకనప్పుడు ఏం రాయాలి,
అసలు రాయాలా.
ఆ పాఠం ఎన్నో యూనిట్లో ఉందో కనపడలేదు.

రాత్రి దీపం కింద గడిలో మొదటి వాక్యం పెట్టాను:
'ఆ రోజు డాబా మీద పదకొండు మందిమి.'
పైకి చదివాను.
అమ్మ సూది ఆగింది.
"పదకొండేనా?"
వేళ్ల మీద మళ్లీ లెక్కెట్టింది.
నానమ్మ మంచం మీంచే,
"వీరన్న కోడలు నిండు నెలల్తో ఉంది,
దాన్ని ఒకటేశావా, రెండేశావా?
మరి సూరమ్మ మేకో?"

పదకొండు కొట్టేశాను.
పన్నెండు రాయలేదు.
పెన్ను మూత పెట్టి, చెప్పులేసుకుని
వీరన్న ఇంటి వైపు నడిచాను.
డాబా దిగిన వారానికి పుట్టిన ఆ పిల్లకి
ఇప్పుడు ఆరేళ్లు.
అందరూ బుజ్జీ అంటారు.
బళ్లో ఏం పేరు రాయించారో,
అందులో దీర్ఘం ఎక్కడొస్తుందో
అడగాలి.