తీగ పోయే తొవ్వ

టేపు మల్లేపల్లి దుకాణంలనే మరిచిపోయిన.
తాడుకు మీటరుకో ముడేసి కొలుస్తున్న.
డబ్బల వచ్చిన తీగ నలభై అయిదు ముడులు.
మధ్యల కోసి అతికే తీగ కాదిది,
ఉన్నదాంట్లనే తొవ్వ దొరకాలె.

ఎర్రబండ తండా.
మూడు దిక్కుల గుట్ట, నాలుగో దిక్కు చింతలు.
బియ్యమొచ్చిన దినం డీలరు హాతీరాం
వేలిముద్ర మిషన్ని తువ్వాలల చుట్టుకొని గుట్టెక్కుతడు.
ఎనక తండా తండా,
చేతుల ఖాళీ సంచులు.
పైన రెండు గీతల సిగ్నలు,
కింద తాళమేసిన అర్రల బియ్యం.
మొన్నటి ముసురుల రుక్కి జారిపడ్డది,
మోకాలిచిప్ప రెండు ముక్కలు.
గందుకే ఈ పళ్లెం, ఈ తీగ, నేను.

పళ్లెం పెట్టేముందు ఫోను మొకం పైకి పెట్టి
ఆకాశాన్ని అడగాలె.
హాతీరాం ఇంటిమీద అడిగితే
సగం నీలం, సగం గుట్ట.
బడిమీద అడిగితే చింతకొమ్మలు.
నీళ్ల ట్యాంకు మీద ఆకాశానికేం కొదువ లేదు
గని అర్ర దాక అరవై ఒక్క ముడి.

అడ్డంలేని ఆకాశం
తండా మొత్తంల ఒక్క స్లాబు మీదనే ఉన్నది.
"ఎవరిదే ఆ ఇల్లు?"
హాతీరాం చెప్పుల దిక్కు చూసి
"కేతావత్ కీలిది" అన్నడు.

పదకొండేండ్ల కింద
ఈయన బోరుల నీళ్లు పడ్డ వారానికే
ఆమె బోరు దుమ్ము కక్కిందట.
నాలుగొందల అడుగుల లోపట
ఏ రాతి సందుల నీరు ఎటు మర్లిందో
కొబ్బరికాయ పట్టినోడు చెప్పలే,
పైసలు తీసుకొని పోయిండు.
అప్పటిసంది ఆ ఇంటికీ ఈ ఇంటికీ నడుమ సందుల
మేకలు దాటుతయి,
కోళ్లు దాటుతయి,
మాట దాటది.
నా నోటుబుక్కుల ఆ సందు నాలుగు ముడులు.

నేను మెట్లెక్కేసరికి
కీలి ఎండేసిన మిరపకాయల్ని
చేటతోని ఒక పక్కకు జరుపుతున్నది.
నేనింకా నోరు తెరవలే.

పెన్సిలు గీత గీసి చూపిచ్చిన:
పళ్లెం ఇక్కడ.
కోతుల చేతికందకుండ తీగ నీ ఎనకర్రలకెళ్లి,
కరెంటు వైరుకు జానెడు ఎడంగ,
దర్వాజ మీదికెళ్లి బయటికి,
సందు దాటి అవతలికి.

"గోడకు బొక్క పెడితే వాన రాదా?"
"రాదమ్మా. తీగను బొక్క కిందికి మూరెడు వదిలి
మళ్ల పైకెక్కిస్త.
నీళ్లు ఆ వంపు దాక వస్తయి,
అక్కడ్నే కారిపోతయి, ఇంట్లకు రావు."
కొద్దిసేపు గోడ దిక్కే చూసింది.
"పదకొండేండ్ల సంది నాకెవ్వడు చెప్పలే
గీ వంపు ముచ్చట" అని నవ్వింది.

నవ్వి, బొటనవేలు నా మొకం ముందర పెట్టింది.
కంకర కొట్టి, పల్లికాయ తెంపి
ఏటి రాయోలె నున్నగైన వేలు.
ఒక్క గీత లేదు.
"గుట్టమీద గూడ మిషన్ నన్ను పట్టలే.
మూడు నెలల బియ్యం పోయినయి.
నీ తీగేస్తే సిగ్నలొస్తది సరే,
ముద్ర వస్తదా?"

కండ్లు చూసే మిషను వస్తదంటున్నరని చెప్పిన.
చెప్తుంటే నాకే నా గొంతు
ఎవరో అమ్మెటోని గొంతులెక్క వినబడ్డది.
ఆపేసి
తాడు ముడులు మళ్ల లెక్కబెట్టిన.

"ఎంతైంది?"
"ముప్పై ఎనిమిది. వంపులకు ఇంకో రెండు."
"అంటే అయిదు మిగుల్తయి."
"అవును. చుట్టచుట్టి ఏడనన్న కట్టాలె."

సందు అవతల హాతీరాం
నిచ్చెన పట్టుకొని నిలబడ్డడు,
పైకి చూడాల్నా వద్దా అన్నట్టు.
కీలి చేటను గోడకానిచ్చి
ఆయనకు గూడ ఇనబడేటట్టే అన్నది:
"ఆ చుట్ట నా దిక్కే ఉండనీ."