పద్దెనిమిది కేజీల పట్టు

గుంటూరు పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రే గదికీ మెట్లకీ మధ్య నాకో బల్ల ఇచ్చారు.
బల్ల మీద ఇనప పిడి. నొక్కితే ముల్లు కదులుతుంది.
గుండె నీరసించినవాళ్ళూ, కేన్సరు మందు ఎక్కించుకుంటున్నవాళ్ళూ
వరసగా వచ్చి నొక్కిపోతారు.
మూడుసార్లు కుడిచేత్తో, మూడుసార్లు ఎడమచేత్తో.
అన్నిట్లో పెద్ద అంకె నాది.

దాని పక్కన వయసు, బరువు, రక్తంలో ఉప్పు,
ఒక్కో దెబ్బకి గుండె ఎంత నెత్తురు తోస్తుందో ఆ శాతం.
అన్నీ కలుపుకుని కంప్యూటరు ఇంకో అంకె చెబుతుంది,
ఇన్ని నెలలు అని.
అది వాళ్ళకి చెప్పకూడదు.
ఎథిక్స్ కమిటీ కాగితంలో నాలుగో పేరా.

దావులూరి ఏసోబు, యాభై ఆరు, మిర్చియార్డు హమాలీ.
ముప్పై ఏళ్ళు వీపు మీద టిక్కీలు మోసినవాడికి
మెట్లెక్కొచ్చాక మాట రావడానికి రెండు నిమిషాలు పట్టింది.
పాదం మీద నా వేలి గుంట అలాగే ఉండిపోయింది.
నొక్కాడు. పద్దెనిమిది.
"నీ కాటా తేడాగా ఉంది బాబూ, సరిగ్గా చూడు."
కాటాల సంగతి యార్డువాళ్ళకి కాక ఎవరికి తెలుసు?
ముల్లు సున్నాకి తెచ్చి మళ్ళీ ఇచ్చాను.
పదిహేడున్నర.
నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు.
"అయితే మమ్మల్ని గ్రేడింగ్ చేస్తన్నారన్నమాట.
నేను తేజ గుట్టలోనా, తాలు గుట్టలోనా?"
నాలుగో పేరా గుర్తొచ్చి
పెన్నుకి మూత పెట్టాను.

అదే రోజు ఆనందపేట నుంచి షేక్ మీరాబీ.
గడ్డని కరిగించిన మందు గుండెనీ కొంచెం కొరికింది.
గడ్డ తీసిన వైపు చేత్తో నొక్కించకూడదు, ఆ గడి ఖాళీ.
రెండో చెయ్యి, కోల్డ్‌స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసిన చెయ్యి,
చన్నీళ్ళు తగిలినా మండుతుందట.
తడిదుప్పటి పిండినట్టు కళ్ళు మూసుకుని పిండింది.
పదకొండు.
"పాసయ్యానా?" అంది.

మూడు నెలలకోసారి ఫోన్ చేస్తాను.
పేషెంటు ఎలా ఉన్నారు అని అడగాలి, వేరే మాట కలపకూడదు.
మా లెక్కలో బతికుంటే సున్నా.
పోతే ఒకటి.

తొమ్మిదో నెల ఏసోబు ఫోన్ కరుణమ్మ ఎత్తింది.
"మట్టల ఆదివారానికి ముందు పొయ్యాడయ్యా.
చివర్న నా చెయ్యి పట్టుకున్నాడు,
ఎంత గట్టిగానంటే గాజు చిట్లి లోపలికి దిగింది.
ఇదిగో, మచ్చ చూడు" అంది, ఫోన్‌లో.
చూశానన్నాను.

గాజు చిట్లడానికి ఎన్ని కేజీలు కావాలో నాకు తెలీదు.
ఇతర వివరాలు అన్న చోట రాయబోతే
యాభై అక్షరాలకే ఆగిపోయింది,
'గాజు' దాకా కూడా రాలేదు.
ఒకటి కొట్టాను.

కంప్యూటరు చెప్పినదానికి పన్నెండు రోజులే తేడా.
మా మేడమ్ సంతోషించారు.
సంతోషించాక చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

మీరాబీకి అది ఇచ్చింది అయిదు నెలలు.
పదకొండో నెలలో తనే ఎత్తి,
యార్డు గాలికి తుమ్ముతూ, "ఉన్నాలే" అంది.
పద్నాలుగో నెల నుంచి ఆ నంబరు పలకడం లేదు.
ఆనందపేట వెళ్ళాను. ఇల్లు మారారట,
చిలకలూరిపేట అని ఒకరు, కాదు తెనాలి అని ఒకరు.

గ్రాఫులో మా వాళ్ళు మెట్లు మెట్లుగా దిగుతారు.
ఒక్కో ఒకటికీ ఒక్కో మెట్టు.
ఏసోబు మెట్టు ఏదో చూపించమంటే చూపిస్తాను.
మీరాబీ ఉన్నచోట మెట్టు ఉండదు.
మాకు తెలిసినంతవరకు బతికే ఉంది అని చెప్పడానికి
గీత మీద
తొడిమంత నిలువు గీత.