కొలతల బుక్కు

మే నెల వస్తే నా మిషనుకు నిద్దర ఉండదు.
గంగమ్మ చాటింపు పడతానే మగోళ్ళు వరస కడతారు
తాతయ్యగుంట సందులో, నా అంగడి ముందర.
ఇనుప సామాన్ల అంగడాయన,
బ్యాంకు గుమాస్తా, ముగ్గురు బిడ్డల తండ్రి
మీసం మీసంగానే ఉంటాది,
జాకెట్టుకు కొలతలిచ్చి పోతారు.
"చేతులు రవంత పొడుగ్గా పెట్టుమా" అంటాడు ఇనుపంగడాయన.
పెండ్లామే కుచ్చిళ్ళు సర్దుతాది,
అత్త పూలు పెడతాది.
అమ్మవారి మొక్కు. ఎవురూ ఏమీ అనరు.

చెంగల్రాయుడు ఆషాఢంలో వచ్చింది,
వేపాకు తోరణాలు ఎండి రాలిపొయినాక.
(అప్పుడు నేను 'వచ్చినాడు' అనే అనుకున్నా.
ఆ ఒక్క మాట విప్పి కుట్టేదానికి
నాకు చానా దినాలు పట్టింది.)
ఆకుపచ్చ గుడ్డ, సన్నంచు.
"జాతర అయిపొయింది గదరా అబ్బయా, ఇంకేం మొక్కు?"
"మొక్కు గాదక్కా. నాకే."

టేపు నా చేతిలోనే నిలబడిపొయింది.
రేపు రా, అన్నా.
మర్నాడూ రేపే అన్నా.
కరెంటు లేదన్నా, దారం కలవలేదన్నా.
దాచేదేముంది, భయపడినా.
ఎదురింటోళ్ళు చూస్తా ఉండారు.
వారం కడితే భక్తి అనేవాళ్ళే
ఏడాదంతా కడితే ఏమంటారో నాకు తెలుసు.
నాలుగు నెలలు ఆ గుడ్డ నా బీరువాలో
మడత విప్పకుండా పడుండాది.

కార్తీకంలో మా చిన్నత్తకు కూడు తీసుకొని
పెద్దాసుపత్రికి పొయినా.
వరండాలో గోడకానుకొని చెంగల్రాయుడు, ఒళ్ళు కాలిపోతా.
మగోళ్ళ వార్డులో ఆడోళ్ళ కాడికి పొమ్మన్నారంట,
ఆడోళ్ళ వార్డులో మగోళ్ళ కాడికి.
కొర్లగుంటలో బాడుగిల్లు ఖాళీ చేయించినారంట,
సామాన్లు ఇంకా రోడ్డుమీదే ఉండాయంట.
అడక్కుండానే చెప్పింది, ఎవురి సంగతో చెప్పినట్ట.

టేపు తీసుకపోలేదు.
జేనతో కొలిచినా
భుజం, చెయ్యి, వీపు.
ఎముకలే తగిలినాయి.
"బుక్కులో పేరేం రాయల్ల?"
"నీ ఇష్టమక్కా."
"నా ఇష్టమెందుకయితాది?"
చానాసేపు గమ్మున ఉండి
"చెంగల్వ" అనింది.
ముందునించీ ఆ పేరులో ఉన్న పూవే గదా.
పొడుగెక్కువైన కాడ కత్తిరిస్తాం, అంతే.

పోయిన ఆదివారం లీలామహల్ సర్కిలు కాడినించి
నడిచినారు, ఇరవై ఎనిమిది మంది.
ఆటో నడిపే ఆయప్ప, ఆయప్పతో కలిసుండే ఇంకొకాయన,
చేతులు వదలని ఇద్దరు కాలేజీ పిల్లోళ్ళు, ఇద్దరూ ఆడపిల్లోళ్ళే,
ముందర చెంగల్వ, ఆకుపచ్చ జాకెట్టు.
రేషను కార్డు, బాడుగిల్లు, ఆసుపత్రిలో ఒక మంచం.
అరిచింది అవే.
జెండా నేనే కుట్టినా, మిగిలిపొయిన లైనింగు ముక్కలతో.
ఊదారంగు చాలక నా పాత పావడా చించినా.

ఇనుపంగడాయన షట్టరు సగం దించి
"ఏం కాలమొచ్చిందిమా" అన్నాడు.
"మీ కొలతలు నా బుక్కులోనే ఉండాయన్నా" అన్నా.
"ఛాతీ నలభై రెండు, చేతులు పొడుగ్గా.
పక్క పేజీలో చెంగల్వ.
టేపు ఒకటే."
ఆయన ఏమీ అనలేదు.
షట్టరు ఆ సగంలోనే ఆగింది.

ఇంకొక మాట, చెంగల్వకు గూడా చెప్పలేదు.
ఆమె జాకెట్టుకు లోపలపక్క
అంగుళం గుడ్డ ఎక్కువే వదిలిపెట్టినా.
ఇప్పుడంటే ఎముకలు గానీ,
తిని ఒళ్ళు చేసినప్పుడు
విప్పుకోవల్ల గదా.