నలభై ఒకటో పొట్లం

కాటింగా అడవిలో ఆకు రాలి ఏడు నెలలు.
కొమ్మలన్నీ ఎముక తెలుపు.
ఈ నేలమీద ఎండ ఉత్తరాన నడుస్తుంది,
నీడ కావలసినవాళ్లు దక్షిణానికి తిరగాలి.
జుసెలియా మోకాళ్లూని
బండ వీపున ఒక నల్లటి మచ్చని
భూతద్దంలోంచి చూస్తోంది.
పెనం మీద మాడిన అట్టు అంచులా ఉంది.

"ఇది బతికే ఉందంటావా?"
అడిగాడు మేకల దెయోక్లేసియో.

పిచికారీ సీసా ఊపి చూసింది. ఖాళీ.
పొద్దుట్నుంచి నలభై పొట్లాలు,
పాత పేపరు మడిచి కట్టినవి,
ఒక్కోదాని మీద ఎత్తు, నీడ, చెట్టు పేరు.

ఆయన భుజాన వేలాడే సొరబుర్ర వైపు
ఆమె కావాలనే చూడలేదు.
ఆ నీళ్లు ఎంత దూరం నడిచొచ్చాయో తెలుసు.
ఆయనే బిరడా లాగి
వేలికొసనుంచి మూడు చుక్కలు వదిలాడు,
మేకపిల్లకి మందు పోసినట్టు, కొలిచి.

ముందు ఏమీ లేదు.
తర్వాత మాడు కదిలింది.
ముడుచుకున్న ఆకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ
నిద్రలో పిల్లల్లా ఒత్తిగిలాయి.
గోరంత మేర నాచు, పచ్చగా.

ఆయన తోలు టోపీ తీశాడు, ఎందుకో తనకే తెలీక.
"మా పాత ఇంటి గోడకీ ఉండేదిది.
గీకేసి సున్నం కొట్టాం."

ఆమె రాసుకుంది: బండ, దక్షిణం వైపు.
పేరు గడి వదిలేసింది.
కత్తిమొనతో సగమే తీసింది.
మిగతా సగం మళ్లీ నల్లబడేదాకా
ఇద్దరూ అక్కడే కూర్చున్నారు,
మేకలు ఎటు పోయాయో చూసుకోకుండా.